బొమ్మ వెనకవైపు

బొమ్మలు వేసి, అమ్మి, ఆ డబ్బుతోనే ఇల్లు నడిపినవాణ్ణి నేను. ఎక్కడా ఉద్యోగం చేయలేదు. నలుగురం కూర్చున్నప్పుడు పాత సంగతులు చెప్పమంటే నాకు అవార్డులకన్నా ముందు కొన్నవాళ్లే గుర్తొస్తారు. అవార్డులు లేక కాదు. రెండు మూడు ఉన్నాయి, బీరువా పైన, మా మనవరాలి బ్యాడ్మింటన్ కప్పుల వెనకాల. వాటి కథ ఇంతే: పిలిచారు, శాలువా కప్పారు, ఫోటో తీశారు. కొన్నవాళ్ల కథలు అంత తేలిగ్గా తెగవు. మధ్యలో డబ్బు ఉంది కదా, అందుకని మాటలు కూడా ఎక్కువే నడిచాయి.

మాది సిద్దిపేట దగ్గర ఊరు. పద్మశాలీలం. బాపు, అంటే మా నాన్న, మగ్గం నేసేవాడు. నేను చూసిన మొట్టమొదటి పెద్ద బొమ్మ కూనపులివాళ్లు తెచ్చిన పటం. అప్పుడప్పుడు మా వాడకు వచ్చి, గుంజలు పాతి, పటం వేలాడదీసి, రాత్రిళ్లు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఎర్రటి రంగు మీద పులినెక్కిన భావనారుషి, మా కులానికి మూలపురుషుడు. కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుకుంటూ పోయేవాళ్లు. మేము పిల్లలం నిద్ర ఆపుకుని తర్వాతి బొమ్మ కోసం చూసేవాళ్లం.

ఆ పటాలు వేసేది చేర్యాల నకాశీలు. నేత గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, చెట్టు బంక కలిపి పూసి, ఎండబెట్టి, దాని మీద వేస్తారు. వేయించుకునేది కథ చెప్పేవాళ్లు. వాళ్లకు గింజలు, డబ్బులు ఇచ్చి పోషించేది కులం. అంటే మా వాడంతా కలిసి ఆ బొమ్మకు యజమాని అన్నమాట. పటం పాతబడి చినిగితే ఏట్లో కలిపేసి కొత్తది వేయించుకునేవాళ్లు. దాచుకోవడమనే ఆలోచనే లేదు.

హైదరాబాదులో ఒక పెద్దాయన ఇలాంటి పాత పటాలను కొని జాగ్రత్త చేస్తున్నాడని నేను కాలేజీలో ఉండగా తెలిసింది. ఆయన జగదీశ్ మిత్తల్. శాంతినికేతన్‌లో చదువుకున్న చిత్రకారుడు. 1950ల మొదట్లో భార్య కమలగారితో ఈ ఊరికి వచ్చి ఇక్కడివాడైపోయాడు. ఆవిడా చిత్రకారిణే. ఇద్దరికీ జాగీర్లేమీ లేవు. బజారులో ఎవరూ పట్టించుకోని దక్కనీ చిత్రాలు, బిద్రీ సామాన్లు, కలంకారీ గుడ్డలు, మన పటాలు ఏరి ఏరి కొని, 1976లో దాన్నంతా మ్యూజియంగా చేశారు. ఇంటికి పోయినప్పుడు బాపుకు ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు. "ఏట్ల కలపాల్సిన గుడ్డకు పైసలిస్తుండా?" అన్నాడు. కాసేపాగి, "మన పటం గిట్ల ఉందేమో అడుగు" అన్నాడు. నేను అడగలేదు. 2025 జనవరిలో వందేళ్లకు కొద్ది నెలల దూరంలో మిత్తల్‌గారు పోయారని చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది బాపు మాటే.

ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో నేను చేరింది డెబ్బైల మొదట్లో. 1940లో మొదలైన కాలేజీ అది. నేను చదువుతుండగానే 1972లో కొత్తగా వచ్చిన జేఎన్టీయూలో కలిసింది. కొండపల్లి శేషగిరిరావుగారు పాఠాలు చెప్పిన చోటు. ఆయన పేద ఇంటి నుంచి వచ్చి, నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆదరణతో చదువుకుని శాంతినికేతన్ దాకా వెళ్లారని సీనియర్లు చెప్పుకునేవాళ్లు. ఆ కథ విన్న ప్రతివాడూ తనకూ ఒక నవాబు దొరుకుతాడేమోనని చూసేవాడు. అప్పటికి నవాబులు ఇళ్లలో సామాన్లు అమ్ముకునే స్థితిలో ఉన్నారు.

నాకు దొరికింది బోర్డులు రాసే పని. కాలేజీ అయ్యాక సుల్తాన్‌బజార్, అఫ్జల్‌గంజ్ కొట్లకు తెలుగు, ఇంగ్లీషు, హిందీ నేను రాసేవాణ్ణి. ఉర్దూ రాయడానికి ఒక కాతిబ్‌సాబ్ వచ్చేవాడు. ఆయన వరుస వచ్చేసరికి నేను టీ తెచ్చి పక్కన కూర్చుని ఆ చేతినే చూసేవాణ్ణి. గీత ఎక్కడ లావెక్కాలో, ఎక్కడ సన్నబడాలో కాలేజీలో నేర్చుకున్నదానికంటే అక్కడ నేర్చుకున్నదే ఎక్కువ. సినిమా బ్యానర్లకు గళ్లు గీసి మొహాలు పెద్దవి చేసే పని కూడా కొన్నాళ్లు చేశాను. ఆ డబ్బులతో రంగులొచ్చేవి, కాన్వాసు మాత్రం రాదు. అందుకని హార్డ్‌బోర్డు మీద వేసేవాళ్లం. నున్నటి వైపు తెల్లరంగు పూసి బొమ్మ, గరుకు వైపు వెనక్కి. వానాకాలం వస్తే చెమ్మ పీల్చి బోర్డు వంగేది. వంగకుండా వెనక చెక్క పట్టీలు కొట్టి, చెమ్మ ఎక్కకుండా గోధుమరంగు కాగితం అంటించేవాణ్ణి. ఈ కాగితం సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదటి బొమ్మ అమ్ముడైంది 1978లో, కళాభవన్‌లో నలుగురం కలిసి పెట్టుకున్న షోలో. కొన్నది హిమాయత్‌నగర్‌లో ప్రసూతి ఆసుపత్రి నడిపే ఒక డాక్టరమ్మ. బొమ్మలో ఒక మేక, గోడ, గోడ మీద ఎండ. అంతే. ఆవిడ చాలాసేపు నిలబడి చూసి, "ఎంతయ్యా?" అన్నది. ఆరువందలన్నాను. అప్పుడు నా గది అద్దె అరవై.

"ఆరువందలు ఒక్కసారే ఇవ్వలేను. నెలకు వంద ఇస్తా. బొమ్మ మాత్రం ఇప్పుడే తీసుకుపోతా. నమ్ముతావా?"

"నమ్ముతానండీ డాక్టరుగారూ."

"నువ్వు నమ్మినా నేను మర్చిపోతా. ఎక్కడైనా రాసుకోవాలి." పర్సులోంచి పెన్ను తీసి, బొమ్మ తిప్పి, వెనకున్న ఆ కాగితం మీదే రాసింది: మొదటి వంద ముట్టినది. కింద నన్ను సంతకం పెట్టమంది.

అప్పటినుంచి ప్రతినెలా ఆసుపత్రికి వెళ్లడం, గర్భిణుల మధ్య బెంచీ మీద కూర్చోవడం. కాంపౌండరు నాక్కూడా నంబరు చీటీ ఇచ్చేవాడు. నా వంతు వచ్చాక ఆవిడ బయటికి వచ్చి, గోడ మీది బొమ్మ దించి, బోర్లా తిప్పి, బల్ల మీద పెట్టి, రాసి, సంతకం పెట్టించుకుని, మళ్లీ తగిలించేది. పేషెంట్లంతా ఈ తతంగం చూసేవాళ్లు. ఒకావిడైతే, "డాక్టరమ్మా, బొమ్మకు గూడ సూది మందా?" అనడిగింది.

ఆ గదిలో నా బొమ్మను చూసినంత శ్రద్ధగా తర్వాత ఏ గ్యాలరీలోనూ ఎవరూ చూడలేదంటే మీరు నమ్మాలి. చూడక ఏం చేస్తారు, గంటలు గంటలు ఎదురుగా అదే గోడ. ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని, "గీ మేక సూడిది. ఈనేటందుకు ఇంక పది దినాలు గూడ లేవు" అన్నది. నేను వేసింది సూడి మేకనే. పొట్ట కిందికి జారడం, నడుము దగ్గర గుంట పడటం చిన్నప్పటి నుంచి చూసింది చూసినట్టు వేశాను. షోకి వచ్చినవాళ్లు గోడ మీది వెలుగు గురించి మాట్లాడారు, బ్రష్ గురించి మాట్లాడారు. మేక సంగతి పట్టుకున్నది ఆవిడే. డాక్టరమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు ఫోన్ చేసి, "ఇవాళ నీ మేకను చూసి ఒకావిడ ఏమందో తెలుసా" అని మొదలుపెట్టేది.

హైదరాబాదులో మేకను వేస్తే ఒక చిక్కుంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్‌గారి ఎచింగుల్లో, అంటే లోహపు పలక మీద గీసి అచ్చుతీసే బొమ్మల్లో, మేకలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి చూపే వేరు, వాటిలో ఒక కొంటెతనం ఉంటుంది. పెద్ద బొట్టు పెట్టుకున్న పల్లె ఆడమనిషిని వేస్తే తోట వైకుంఠంగారి పేరు చెబుతారు, మేకను వేస్తే లక్ష్మాగౌడ్‌గారి పేరు చెబుతారు. మా తరంవాళ్లకు ఇది తప్పలేదు. ఇద్దరూ ఇక్కడ చదువుకుని, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర పనిచేసి, తిరిగి తెలంగాణ పల్లెనే వేశారు. వాళ్లు దారి వేసి పెట్టడం వల్లే మా బొమ్మలకూ కొనేవాళ్లొచ్చారని నేనంటాను. మా దోస్తుల్లో కొందరు ఒప్పుకోరు. ఆ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

లక్ష్మాగౌడ్‌గారి ఎచింగులు చూశాకే నాకు జింకు పలక పిచ్చి పట్టింది. పలకకు మైనం పూత, దాని మీద సూదితో గీత, తర్వాత నైట్రిక్ యాసిడ్‌లో ముంచడం. యాసిడ్ గీత ఉన్నచోట మాత్రమే తింటుంది. ఎంతసేపు ముంచితే గీత అంత లోతు, అంత నలుపు. దాంతో ఇరవై ప్రింట్లు తీసి, కింద పెన్సిల్‌తో 1/20, 2/20 అని రాస్తాం. ఇది సేఠ్‌గారికి అర్థం చేయించడానికి నాకు ప్రాణం మీదికి వచ్చింది.

సేఠ్‌గారంటే బేగంబజార్‌లో మసాలా దినుసుల హోల్‌సేల్ వ్యాపారి. ఆయనిచ్చే నోట్లు లెక్కపెడితే తుమ్ములు వచ్చేవి. నాతో దక్కనీ ఉర్దూలో మాట్లాడేవాడు. ప్రింట్లన్నీ వరసగా పరిచి చూసి, "ఇస్‌మే అస్లీ కౌన్‌సా?" అన్నాడు. అన్నీ అసలువే సేఠ్‌జీ అన్నాను. "ఇరవై అసలువి ఎట్లా ఉంటాయి, మిర్చి బస్తాలా?" అని నవ్వి, ఒకటో నంబరుది తీసుకున్నాడు. నంబరుకూ విలువకూ సంబంధం లేదని చెప్పినా వినలేదు.

బేరం ఆడటంలో ఆయన తర్వాతే ఎవరైనా. పెద్ద కాన్వాసు ఒకటి, ఎండిన చెరువు వేశాను. మూడొంతులు ఉత్త మట్టి రంగు, మూలన ఇద్దరు మనుషులు. "క్యా పెయింటర్ సాబ్, ఇత్తా ఖాలీ జగా కాయ్కు ఛోడ్ దియే? ఇస్కే భీ పైసే లేంగే క్యా?" ఖాళీ జాగాకు కూడా డబ్బులు తీసుకుంటావా అని. ఖాళీగా ఉంచడానికే ఎక్కువ రోజులు పట్టిందన్నాను. సగం ధరకు అడిగాడు. ఇవ్వనన్నాను. టీ తెప్పించాడు. మళ్లీ అడిగాడు. చివరికి నేను చెప్పిన ధరలో కొంచెం తగ్గించి, పైన ఒక కిలో యాలకులు ఇచ్చి తీసుకున్నాడు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, నా బొమ్మలన్నిట్లో ఆమెకు పనికొచ్చింది అదొక్కటేనని.

ఇన్ని నవ్వుతాలు చెప్పాను గానీ, సేఠ్‌గారి దగ్గర నేను నేర్చుకున్నది చిన్నదేం కాదు. ఆయన దగ్గర పాత చిన్న చిత్రాలు ఓ పెట్టెడు ఉండేవి. దక్కనీవి, రాజస్థానీవి. ఒకసారి మేడ మీదికి తీసుకెళ్లి, తెల్లగుడ్డ పరిచి, ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను సహజంగా బొమ్మ చూడబోయాను. "పహ్లే పల్టావ్" అన్నాడు. తిప్పాను. వెనక ఒక గుండ్రటి ముద్ర, పక్కన పర్షియన్‌లో రెండు వరసలు, ఇంకోచోట వేరే సిరాతో ఏదో అంకె. ఏ కొలువులో ఉండేదో, ఎప్పుడు లెక్కచూశారో, ఎంతకు విలువ కట్టారో ఇలా వెనకాలే రాసేవాళ్లట. ముందువైపు ఒక్కడు వేస్తాడు, వెనకవైపు అందరూ రాస్తారని ఆయన లెక్క. ఆ మధ్యాహ్నం నుంచి ఏ బొమ్మ దొరికినా వెనక్కి తిప్పి చూడటం నాకూ అలవాటైంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం ఆ ఒక్క బాధ ఉంటుంది. ఒక్క మనిషి, మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, జీవితమంతా కొని తన భవనం దివాన్ దేవిడీ నింపేశాడు. ఆయన పోయాక 1951 డిసెంబరులో నెహ్రూ వచ్చి దాన్ని జనానికి తెరిచాడు. అన్నీ గోడలకూ అద్దాలపెట్టెలకూ బిగించి ఉంటాయి, తిప్పి చూడనివ్వరు.

చిత్రకారుడు హుసేన్ రామాయణం బొమ్మలు వేసిన కథ నాకు చెప్పింది కూడా సేఠ్‌గారే, తమ మార్వాడీ మనిషి గొప్ప అని. బద్రీవిశాల్ పిత్తీ ఈ ఊరివాడే. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా శిష్యుడు. 1949 నుంచి 'కల్పన' అనే హిందీ పత్రిక నడిపినవాడు. టాటా బిర్లాల డ్రాయింగ్ రూముల్లో వేలాడటం కాదు, రామాయణం వెయ్యి అని లోహియా ఎం.ఎఫ్. హుసేన్‌తో అన్నాడు. లోహియా పోయాక హుసేన్ ఆ మాట పట్టుకుని హైదరాబాదులో పిత్తీగారి అండన వేయడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్లలో నూటయాభై దాకా వేశానని, వాల్మీకి, తులసీదాస్ రామాయణాలు రెండూ చదివానని, సందేహాలు తీర్చడానికి కాశీ నుంచి పండితులను పిలిపించుకున్నానని హుసేనే చెప్పాడు. బొమ్మ కొనడం వేరు, బొమ్మ పుట్టడానికి చోటివ్వడం వేరు. సేఠ్‌గారు ఈ కథ చెప్పినప్పుడల్లా నేను, "మరి నాక్కూడా ఓ ఎనిమిదేళ్లు చోటివ్వండి సేఠ్‌జీ" అనేవాణ్ణి. "పహ్లే హుసేన్ బనో" అనేవాడు, ముందు హుసేన్‌వి అవ్వు అని.

1985లో బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో అయిదుగురం కలిసి షో చేశాం. నా జీవితంలో పెద్ద మెట్టు అని అందరూ అంటారు కాబట్టి చెబుతున్నాను. బొమ్మలు అన్నీ అమ్ముడయ్యాయి. నాకు మాత్రం అక్కడ వడాపావ్ తిని కడుపు పాడైన సంగతే బాగా గుర్తు. ఒక ముఖ్యమైన మార్పు జరిగింది: తెలుగు సంతకం చదవలేకపోతున్నామని కొన్నవాళ్లు గోల పెడితే అక్కడినుంచి ఇంగ్లీషులో సంతకం పెట్టడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత పదిహేనేళ్లు పెద్దగా చెప్పుకునేదేమీ లేదు. పనిచేశాను, పిల్లలు చదువుకున్నారు. నారాయణగూడలో చిత్రకారుడు పి.టి. రెడ్డిగారు తన ఇంటినే 'సుధర్మ' పేరుతో గ్యాలరీ చేసుకున్నట్టు నేనూ ఇంట్లో ఒక గది అలా పెట్టుకుందామనుకున్నాను. మా ఆవిడ ఆ గదిని అద్దెకిచ్చింది.

అసలు మలుపు 2000 తర్వాత. బంజారాహిల్స్‌లో గ్యాలరీలు లేచాయి. మాదాపూర్‌లో ప్రభుత్వ ఆర్ట్ గ్యాలరీ వచ్చింది. 2002లో చిత్రకారుడు తయ్యబ్ మెహతా బొమ్మ 'సెలబ్రేషన్' న్యూయార్క్ వేలంలో కోటిన్నర రూపాయలకు పోయింది. 2005లో ఆయనదే 'మహిషాసుర' పదిలక్షల డాలర్లు దాటింది. ఆ వార్తలు పేపర్లో పడ్డాక, అంతవరకు గోడకు సీనరీ క్యాలెండరు పెట్టుకున్నవాళ్లు కూడా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. గ్యాలరీవాళ్లు మూడో వంతు నుంచి సగం దాకా తీసుకుంటారు. తీసుకోనివ్వండి, చోటు వాళ్లది, లైట్లు వాళ్లవి, ఓపెనింగ్‌లో జీడిపప్పు వాళ్లది. నాకు వాళ్ల మీద కోపం లేదు. కానీ కొన్నవాడికీ నాకూ మధ్య ఒక గోడ లేచింది. బొమ్మ కింద ఎర్ర స్టిక్కరు పడేది. ఎవరు కొన్నారంటే "మన క్లయింటే" అనేవాళ్లు. అంతే.

ఇంటీరియర్ డిజైనర్ ఒకమ్మాయి సోఫా గుడ్డ ముక్క పట్టుకొచ్చి, "అంకుల్, ఈ షేడ్ మీ దగ్గర ఉందా?" అంది. చీరకు జాకెట్టు ముక్క వెతుక్కునేవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి, కోపం రాలేదు. జూబ్లీహిల్స్‌లో ఒకాయన వాస్తు చెప్పినవాడి మాట ప్రకారం ఏడు గుర్రాలు వేయమన్నాడు. వేశాను. ఆ ఏడాది మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజు కట్టాలి. ఏడు గుర్రాలకూ ఏడు రకాల మొండితనం పెట్టాను. ఆయనకు తెలియలేదు, తెలిసిన ఇద్దరు ముగ్గురు చిత్రకారులు ఆ ఇంటికి భోజనానికి వెళ్లి నవ్వుకుని వచ్చారు. నా మంచి బొమ్మల్లో దాన్ని కూడా లెక్కేస్తాను.

ఇక పెట్టుబడి కోసం కొన్నవాళ్లు. ఒకాయన ఒకే సాయంత్రం నావి నాలుగు కొన్నాడు, ధర అడగలేదు, బేరం ఆడలేదు. మా ఇంట్లో పండగ. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. బేగంబజార్‌లో మిర్చి ధర కదల్లేదు గానీ నా ఫోన్ మోగడం ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆ పెద్దమనిషి కారు వేసుకుని ఇంటికే వచ్చాడు. నాలుగూ వెనక్కి తీసుకుని ఎంతో కొంత ఇమ్మన్నాడు. డిక్కీ తెరిస్తే బొమ్మలు, గ్యాలరీలో చుట్టిన బబుల్ ర్యాప్ విప్పకుండా అలాగే ఉన్నాయి. వెనకవైపు మాత్రం చీటీల మీద చీటీలు. గోడౌన్ నంబరు, ఇన్సూరెన్స్ నంబరు, ఎవరో విలువ కట్టి అంటించిన ఇంకో కాగితం. కాఫీ ఇచ్చి పంపించాను. ధర అడగనివాళ్లంటే అప్పటినుంచి నాకు కొంచెం భయం. బేరం ఆడేవాడు కనీసం బొమ్మను చూస్తాడు.

కుర్రచిత్రకారులు నన్ను తరచూ అడిగే సంగతి ఒకటుంది, అదీ చెప్పేస్తాను. బొమ్మ అమ్మితే కాపీరైట్ కూడా పోయినట్టు కాదు. 1957 చట్టం ప్రకారం, కాగితం మీద రాసిస్తే తప్ప, అది వేసినవాడిదే. డబ్బులిచ్చి బొమ్మో, తన రూపచిత్రమో అడిగి వేయించుకున్నప్పుడు సంగతి వేరు, ప్రత్యేకంగా ఒప్పందం లేకపోతే అది వేయించుకున్నవాడిది. ఒక హోటలాయన నా బొమ్మ కొని మెనూకార్డు మీద అచ్చేసి, "కొన్నాను కదండీ" అన్నాడు. ఈ ముక్క తెలిసిన ప్లీడరు ఒక ఉత్తరం రాస్తే కార్డులు మారాయి. అదే చట్టంలో 53-ఏ అని ఇంకో సెక్షను ఉంది, 1994లో చేర్చారు. మన బొమ్మ మళ్లీ పదివేలకు మించి అమ్ముడైతే, ఆ ధరలో పది శాతం మించకుండా వాటా అడిగే హక్కు వేసినవాడికి ఉంటుంది. మా దోస్తుల్లో అది అందుకున్నవాణ్ణి నేనైతే చూడలేదు.

నేనూ అడిగి చూశాను. సేఠ్‌గారు పోయాక వాళ్ల పిల్లలు పంచుకున్నారు. పంపకాల్లో కొన్ని అమ్మకానికి వచ్చాయి. ఒక వేలం పుస్తకంలో నా ఎండిన చెరువు కనిపించింది. సేఠ్‌గారిచ్చిన దానికి నలభై రెట్లకు పైగా పలికింది. ఖాళీ జాగాకు కూడా డబ్బులొచ్చాయి సేఠ్‌జీ అని గట్టిగానే అన్నాను, ఇంట్లో ఎవరూ లేరు. 53-ఏ ఉటంకిస్తూ వేలంవాళ్లకు ఒక మర్యాదైన ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. యాలకులు తిన్నాం కాబట్టి ఊరుకున్నాం.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, వచ్చే చలికాలంలో నా పాత బొమ్మలన్నీ ఒకచోట పెట్టి చూపిద్దామని కుర్రాళ్లు కొందరు పూనుకున్నారు. మా మనవరాలు ల్యాప్‌టాప్‌లో పట్టీ తయారుచేస్తోంది. ఏ బొమ్మ ఎవరి దగ్గరుందో నేను చెప్పాలి. ఫోన్లు చేస్తున్నాను. కొందరు నంబరు మార్చారు, కొందరు ఊరు మార్చారు, కొందరు లేరు. సేఠ్‌గారి మనవడు ఎచింగు ఇస్తానన్నాడు గానీ ఇన్సూరెన్స్ ఎవరు కడతారని ముందే తేల్చమన్నాడు. తాత రక్తమే. ఏడు గుర్రాలాయన ఆ గోడ ఖాళీ చేస్తే అరిష్టమన్నాడు.

డాక్టరమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆసుపత్రి స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. మేక వాళ్లమ్మాయి దగ్గర డాలస్‌లో ఉంది. పంపడం కష్టమని, ఫోటోలు తీసి పంపింది, ముందూ వెనకా. వెనక కాగితం మీద ఆరు వరసలు, ఆరు తేదీలు, ఆరు తెలుగు సంతకాలు. ఆరో దాని కింద నేను వచ్చేశాక రాసిన ఇంకో వరస ఉంది: "బాకీ తీరింది. మేక ఇంకా ఈనలేదు." మా మనవరాలు దాన్నే పెద్దది చేసి షోలో పెడదామంటోంది. ఇన్నాళ్లూ ముందువైపు చూపించుకుని బతికినవాణ్ణి, ఏమంటాను, సరే అన్నాను.

ఇంకా జాడ తెలియనివి కొన్ని ఉన్నాయి. ఎనభైల్లో ఒక జర్మన్ దంపతులు పట్టుకెళ్లిన నూలు కండెల బొమ్మ. ఒక ప్రభుత్వ కార్యాలయం వరండాలో ఉండి, ఆఫీసు మారినప్పుడు మాయమైన బతుకమ్మ. చిక్కడపల్లిలో అద్దె బాకీ కింద ఇంటి యజమానికి ఇచ్చిన బాపు మగ్గం బొమ్మ. ఇది చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా ఉంటే ఒక ఫోటో పంపండి. ముందువైపు ఎలా వచ్చినా ఫరవాలేదు, వెనకవైపు మాత్రం స్పష్టంగా తీయండి. హార్డ్‌బోర్డు అయితే గోధుమరంగు కాగితం, చెక్క పట్టీలు ఉండాలి. తేదీ 1985 కంటే ముందుదై ఉండి, సంతకం ఇంగ్లీషులో ఉంటే అది నాది కాదు. ఎవరైనా నాదే అని అమ్మజూపితే కొనకండి.